ఎండాకాలం ముందు అరికాళ్ళు, నడుము కూడా చూసుకోండి

మార్చి వస్తే చాలు, సన్‌స్క్రీన్ ప్రకటనలు మొదలవుతాయి. చర్మ క్యాన్సర్ అంటే ఎండకు ముఖం మీద వచ్చేదనే మనలో చాలామంది అనుకుంటారు. తెల్లచర్మం వాళ్ళ విషయంలో ఎండదే పెద్ద పాత్ర. అందులో ప్రమాదకరమైన మెలనోమా వాళ్ళ మగవాళ్ళకు ఎక్కువగా వీపు, ఛాతీ మీద, ఆడవాళ్ళకు కాళ్ళ మీద వస్తుంది. ఎవరి బట్టలు ఎక్కడ ఒంటిని ఎండకు వదిలేస్తాయో అన్నది ఇందుకు ఒక కారణం.

మన చర్మంలో మెలనిన్, అంటే చర్మానికి నలుపునిచ్చే పదార్థం, ఎక్కువ కాబట్టి ఈ మెలనోమా మనకు అరుదు. వచ్చిందంటే మాత్రం తరచుగా ఎండ పడని చోటే వస్తుంది: అరికాలు, అరచేయి, గోరు కింద. ఇందులో ఆడామగా తేడా పెద్దగా ఉండదు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోరు కింద బయటపడింది ఇదే. 1981లో, 36 ఏళ్ళకే పోయాడు.

అందుకే స్నానం అయ్యాక పగటి వెలుతురులో కూర్చుని అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేని పెద్దవాళ్ళకు ఇంట్లోవాళ్ళు ఫోన్‌తో ఫొటో తీసి చూపిస్తే సరి. అంచులు వంకరటింకరగా ఉండి రంగు మారుతూ పెరిగే నల్లమచ్చను ఆనికాయ అనుకుని బ్లేడుతో చెక్కకండి. గోళ్ళలో నల్లచారలు మనవాళ్ళకు మామూలే, చాలా వేళ్ళకు ఉంటాయి. ఒక్క గోటికే కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, పక్క చర్మానికి కూడా నలుపు పాకితే డాక్టరుకు చూపించాలి.

ఆడవాళ్ళు నడుము కూడా చూసుకోవాలి. లంగా బొందు ఏళ్ళ తరబడి ఒకేచోట బిగించి కడితే, చెమటకు చర్మం ఒరుసుకుపోయి నల్లబడుతుంది, పొట్టు లేస్తుంది, పుండవుతుంది. మానడం, మళ్ళీ రేగడం ఇలాగే సాగితే ఎప్పుడో ఒకసారి, చాలా అరుదుగానే అయినా, అక్కడ క్యాన్సర్ పుడుతుంది. వైద్యులు దీన్ని చీర క్యాన్సర్ అని పిలుస్తారు. తప్పు చీరది కాదు, బొందుది. 1945లోనే బొంబాయి వైద్యులు పంచె కట్టే మగవాళ్ళ నడుము దగ్గర ఇలాంటిదే గుర్తించి రాశారు. బిగుతు మొలతాడుకు పుండు పడితే అది కూడా వదిలేయకూడదు.

సన్నతాడు తీసేసి వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి. ముడి రోజూ ఒకేచోట పడకుండా కాస్త పైకీ కిందికీ మార్చండి. ఇంట్లో ఉన్నప్పుడు వదులుగా కట్టుకోండి, చెమట తుడుచుకోండి. పుండు ఉన్నన్నాళ్ళూ అక్కడ బొందు వద్దు. మా ఇళ్ళల్లో ఇలాంటి పుండ్ల మీద పసుపు అద్ది, 'అదే పోతుందిలే' అనడం అలవాటు. నెలలు గడిచేది అక్కడే.

పాత కాలిన మచ్చ ఉన్నవాళ్ళు, ముఖ్యంగా చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలినవాళ్ళు, ఆ మచ్చ పగిలి పుండైతే ఊరుకోకూడదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా అందులో క్యాన్సర్ రావచ్చు.

ఎండ సంగతి కూడా పూర్తిగా వదిలేయలేం. పొలంలో, రోడ్డు మీద పనిచేసేవాళ్ళు, బట్టతల ఉన్నవాళ్ళు చెవులు, మెడ వెనక, కింది పెదవి కప్పుకోవడం మరచిపోతారు. తలపాగా, కండువా ఈ పని చక్కగా చేస్తాయి. పుట్టుకతోనే మెలనిన్ లేక ఒళ్ళంతా తెల్లగా ఉన్నవాళ్ళకు మాత్రం నిండు చేతుల చొక్కా, గొడుగు, సన్‌స్క్రీన్ తప్పనిసరి. పది నుంచి నాలుగు దాకా ఎండలో తిరగకపోతే మరీ మంచిది.

మూడు నాలుగు వారాలకు కూడా మానని పుండు, గట్టిపడిన అంచు, తాకితే రక్తం కారే గడ్డ కనిపిస్తే చర్మ డాక్టరు దగ్గరకు వెళ్ళండి. బయాప్సీ అంటే టెన్షన్ పడతారు, ముక్క తీస్తే జబ్బు పాకుతుందని భయపెట్టేవాళ్ళూ ఉంటారు. ఆ మాట నిజం కాదు. నడుము పుండుతో పాటు గజ్జల్లో గడ్డ తగిలితే మాత్రం అది కూడా డాక్టరుకు చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగకండి.