రెండు సీక్వెన్సర్లు, మూడు సింథ్‌లు: మిడి తీగలు ఎలా కలపాలి?

ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానికొకటి ఆదేశాలు పంపుకునే పద్ధతి మిడి. కర్నూలు వాళ్లకు దాని గురించి చెప్పడం తేలిక. సుంకేసుల దగ్గర కేసీ కాలువలోకి మళ్లిన తుంగభద్ర నీళ్లు కడప వైపు పారతాయి. ఏ తూము తెరిస్తే ఆ పొలం తడుస్తుంది, దిగువ నీళ్లు ఎగువకు పోవు. మిడి తీగదీ అదే తీరు. ఒక పరికరం ఔట్‌లో బయలుదేరినది ఇంకొకదాని ఇన్‌లోకి పోతుంది, వెనక్కి రాదు. అందులో పారేది శబ్దం కాదు, ఆదేశాలు: ఏ స్వరం, ఎంత బలంగా, ఎప్పుడు వదలాలి.

నా గదిలో ఉన్నవే ఉదాహరణగా తీసుకుంటాను: ఒక పెద్ద సీక్వెన్సర్, ఒక చిన్న సీక్వెన్సర్ (స్వరాల వరుసను గుర్తుంచుకుని ఆదేశాలుగా పంపేవి), శబ్దం పుట్టించే బేస్ సింథ్, మీటలున్న ప్యాడ్ సింథ్, మూడో సింథ్‌గా లెక్కవేసిన డ్రమ్ మెషిన్.

మొదట కాగితం, పెన్సిలు

తీగలు ముట్టుకోకముందే అయిదు గడులు గీయండి. ఒక్కోదానికి ఇన్, ఔట్, త్రూ గుర్తించండి. చాలామంది తడబడేది త్రూ దగ్గరే. ఇన్‌లోకి వచ్చినదాన్ని త్రూ ఉన్నదున్నట్టు ముందుకు పంపుతుంది, అంతే. ఆ పరికరం మీద మీరు వాయించినది అందులోంచి రాదు, ఔట్‌లోంచే వస్తుంది.

గడుల పక్కన ఛానల్ సంఖ్య, అంటే ఏ ఆదేశం ఎవరికో చెప్పే గుర్తు, రాయండి. ఒక తీగలో 16 ఛానళ్లు పడతాయి. నేను బేస్‌కు 1, ప్యాడ్‌కు 2, డ్రమ్స్‌కు 10 ఇచ్చాను. 1991లో వచ్చిన జనరల్ మిడి అనే ప్రమాణం డ్రమ్స్‌కు 10 కేటాయించింది, ఆ అలవాటును మార్చడం దేనికి? ప్రతి సింథ్‌లోనూ ఓమ్ని మోడ్ (అన్ని ఛానళ్లనూ వినే పద్ధతి) ఆపేయండి. లేకపోతే బేస్ సింథ్ డ్రమ్స్ వరుసను కూడా తనదే అనుకుని వాయిస్తుంది.

తాళం వేసేది ఒక్కరే

కచేరీలో ఇద్దరు చెరొక తాళం వేస్తే ఏమవుతుందో తెలిసిందే. పెద్ద సీక్వెన్సర్ క్లాక్‌ను (తాళం కొట్టే గడియారాన్ని) ఇంటర్నల్‌లో, అంటే సొంతదానిమీద ఉంచి, మిగతావాటిని బయటి క్లాక్‌ను వినే ఎక్స్‌టర్నల్‌కు మార్చండి. మిడి క్లాక్ పావు స్వరానికి 24 సార్లు కొట్టుకుంటుంది. టెంపో 120 (నిమిషానికి 120 పావు స్వరాలు) అయితే సెకనుకు 48 సార్లు.

ఇక తీగలు

పెద్ద సీక్వెన్సర్ ఔట్ నుంచి త్రూ బాక్స్‌కు (ఒక ఇన్‌లోకి వచ్చినదాన్ని చాలా దారులకు పంచే పెట్టెకు) ఒక తీగ. త్రూ బాక్స్ నుంచి మూడు: ఒకటి డ్రమ్ మెషిన్‌కు, ఒకటి చిన్న సీక్వెన్సర్ ఇన్‌కు, మూడోది రెండు తీగల ఆదేశాలను ఒకదానిలోకి కలిపే మెర్జర్ మొదటి ఇన్‌కు. చిన్న సీక్వెన్సర్ ఔట్ మెర్జర్ రెండో ఇన్‌కు. మెర్జర్ ఔట్ బేస్ సింథ్ ఇన్‌కు, బేస్ త్రూ నుంచి ప్యాడ్ ఇన్‌కు. ఇప్పుడు ఆ రెండు సింథ్‌లూ రెండు సీక్వెన్సర్ల మాటా వింటాయి.

మెర్జర్ ఖర్చు ఎందుకని రెండు ఔట్‌లను ఒకే ప్లగ్గుకు అతికించకండి. రెండు ప్రవాహాల బైట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి అర్థం లేని సందేశాలవుతాయి. మెర్జర్ ఒక సందేశం పూర్తయ్యాకే రెండోదాన్ని వదులుతుంది.

త్రూ బాక్స్ లేకుండా గొలుసుకట్టుగా కలపవచ్చు, కానీ మూడు పరికరాలు దాటితే నేను ఒప్పుకోను. దానివల్ల ఆలస్యమవుతుందని అంటారు, అది పెద్ద లెక్కలోది కాదు. ప్రతి ఇన్‌లో ఉండే ఆప్టోకప్లర్ అనే చిన్న భాగం సంకేతపు అంచులను కొద్దికొద్దిగా అరగదీస్తుంది, అసలు నష్టం అదే. ఆలస్యం నిజంగా పుట్టేది రద్దీవల్ల. మిడి వేగం సెకనుకు 31,250 బిట్లు. ఒక స్వరం పోవడానికి ఇంచుమించు ఒక మిల్లీసెకను పడుతుంది. పది స్వరాలు ఒకేసారి పంపితే చివరిది దాదాపు పది మిల్లీసెకన్లు వెనకబడుతుంది. మీ సీక్వెన్సర్‌కు రెండో ఔట్ ఉంటే అది డ్రమ్స్‌కే ఇవ్వండి.

తీగ కొనేటప్పుడు జాగ్రత్త. పాత బస్టాండు దగ్గర ఒక రేడియో రిపేరు అంగడిలో అయిదు పిన్నుల తీగ చవకగా దొరికిందని సంబరపడ్డాను. ప్లగ్గు చక్కగా పట్టింది, స్వరం మాత్రం రాలేదు. మూత విప్పి మీటరు పెట్టి చూస్తే 4, 5 పిన్నుల తీగలు అవతలి కొసలో వేరే పిన్నులకు అతికించి ఉన్నాయి. అది టేప్ రికార్డర్ తీగ. మిడికి 4 నుంచి 4కు, 5 నుంచి 5కు నేరుగా పోవాలి, 2వది కవచం. పొడవు 15 మీటర్లు మించకూడదు.

రెండుసార్లు మోగితే

రెండు సీక్వెన్సర్లు ఉన్నచోట ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. పెద్ద సీక్వెన్సర్ నుంచి వచ్చినదాన్ని చిన్నది తన ఔట్‌లోకి మళ్లీ వదిలితే, ప్రతి స్వరం మెర్జర్‌లోకి రెండు దారుల్లో చేరుతుంది. క్లాక్ కూడా అంతే: సింథ్‌లోని ఆర్పెజియేటర్ (నొక్కిన స్వరాలను ఒకదాని తర్వాత ఒకటి వాయించేది) రెట్టింపు వేగంతో పరుగెడుతుంది. అందుకని చిన్న సీక్వెన్సర్ సెట్టింగుల్లో క్లాక్ పంపడాన్ని, వచ్చినదాన్ని ముందుకు పంపడాన్ని, రెండింటినీ ఆపేయండి.

ప్యాడ్ మీటలతో రికార్డు చేయాలంటే దాని ఔట్‌ను పెద్ద సీక్వెన్సర్ ఇన్‌కు కలిపి, ప్యాడ్‌లో లోకల్ కంట్రోల్ (మీటలు దాని శబ్దాన్ని నేరుగా మోగించడం) ఆపాలి. నేను ఆపడం మరిచిపోయిన రోజు ప్రతి స్వరం రెండేసి మోగి శబ్దం పలచబడింది, ఒకేసారి ఎనిమిది స్వరాలే పలికే సింథ్ నాలుగు స్వరాలకే అలసిపోయింది. సింథ్ చెడిపోయిందనుకుని మరమ్మతుకు సంచిలో కూడా పెట్టాను.

ఒక్కొక్కటిగా వినండి

అన్నింటి వాల్యూమూ తగ్గించి, ఒక్కో ఛానల్‌లో ఒక్కో స్వరం పంపండి. అది మోగాల్సిన చోట మోగి, మిగతా చోట్ల నిశ్శబ్దంగా ఉండాలి. స్వరం ఆగకుండా సాగుతుంటే అన్ని స్వరాలనూ ఆపే ప్యానిక్ మీట నొక్కండి, తర్వాత కాగితం మీద బాణాలు చుట్టు తిరిగి మొదటికే వస్తున్నాయేమో చూడండి.

కంప్యూటర్‌ను యూఎస్‌బీతో కలిపాక స్పీకర్లలో గుర్రుమని మోత మొదలైతే తప్పు సింథ్‌ది కాకపోవచ్చు, ఎర్తింగ్‌ది. అయిదు పిన్నుల మిడిలో ఆప్టోకప్లర్ వెలుతురుతో సంకేతాన్ని దాటిస్తుంది కాబట్టి రెండు వైపులా విద్యుత్ సంబంధం ఉండదు. యూఎస్‌బీకి ఆ అడ్డుగోడ లేదు.

అంతా కుదిరాక ప్రతి పరికరంలోనూ సెట్టింగులను సేవ్ చేయండి. నేను చేయలేదు. ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చేసరికి చిన్న సీక్వెన్సర్ ఇంటర్నల్ క్లాక్‌కు తిరిగిపోయి తన తాళం తాను వేసుకుంటోంది.