కుక్కపిల్లకు తొలి తానం: ఎక్కడ తేడా కొట్టింది?

సంక్రాంతికి పరకాల నుంచి ఒక నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. ఇంట్లో ఆ రోజు సకినాలు చుడుతున్నారు, దాని తోక కూడా అట్లాగే చుట్టుకొని ఉంది. ఇంకేముంది, పేరు సకినం అయిపోయింది. వచ్చిన పూటే దానికి నీళ్లు పోశాను. తప్పుల లెక్క అక్కడే మొదలైంది. ఇప్పుడు హన్మకొండలో మా గల్లీలో ఎవరు కొత్తగా పిల్లను తెచ్చినా మా గేటు కొడుతున్నారు. వాళ్లు అడిగేవే ఇక్కడ రాస్తున్నాను.

నీళ్లు పోశాక వణుకు ఆగడం లేదు

సకినానికి అప్పుడు నలభై ఐదు రోజులు. జనవరి పొద్దున, బకెట్‌లో ట్యాంకు నీళ్లు. రెండు చెంబులు పోయగానే కీచుమని అరిచింది, మూడో చెంబుకు అరుపు కూడా ఆగిపోయి వణుకు పట్టుకుంది. మా అవ్వ లోపలి నుంచి వచ్చి చేతిలోంచి గుంజుకుంది. "పసిపిల్లకు పోసినట్టు పొయ్యాలె గాని, బండి కడిగినట్టు కడుగుతవా బిడ్డా?" అని, పాత నూలు లుంగీలో చుట్టి ఒళ్లో పెట్టుకొని రుద్దుతూ కూర్చుంది.

ఎనిమిది వారాలు నిండని పిల్ల తన ఒంటి వేడిని తాను సరిగ్గా నిలుపుకోలేదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, అంటే మనకన్నా ఎక్కువ. మన చేతికి 'పర్లేదు' అనిపించిన నీళ్లు దానికి చల్లనే. పైగా తడి బొచ్చు మీద గాలి తగిలితే ఉన్న వేడి కూడా పోతుంది.

అప్పటికప్పుడు చేయాల్సింది: పొడి తువ్వాలలో చుట్టాలి, అది తడవగానే ఇంకోటి మార్చాలి. సీసాలో వేడినీళ్లు పోసి, మందంగా గుడ్డ చుట్టి పక్కన పెట్టొచ్చు. ఇరవై నిమిషాలైనా వణుకు తగ్గకపోయినా, చిగుళ్లు పాలిపోయినా, పిల్ల మెత్తగా వాలిపోయినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి. చిన్నపిల్లల్లో రక్తంలో చక్కెర తొందరగా పడిపోతుంది. అందుకని పోయే దారిలో చిగుళ్లకు కాస్త తేనె రాయండి. స్పృహ లేనప్పుడు మాత్రం నోట్లో ఏదీ పోయొద్దు.

ఇంకోసారి రాకుండా ఉండాలంటే, ఎనిమిది వారాలు నిండేదాకా అసలు తానమే వద్దు. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ పిండి తుడిస్తే సరిపోతుంది. తర్వాతైనా చలికాలంలో ఎండ బాగా ఎక్కాక, పదకొండు దాటినంక మొదలుపెట్టండి. నీళ్లలో వేళ్లు కాదు, మోచేయి పెట్టి చూడండి. చంటిపిల్లల నీళ్లు మన అమ్మలు చూసే లెక్కే ఇది.

మే నెలలో కథ తిరగబడుతుంది. మిద్దె మీది ట్యాంకు మధ్యాహ్నానికి కాగు అయిపోతుంది, నల్లా తిప్పితే చేయి కాలుతుంది. అప్పుడూ మోచేయే. ముందు రెండు బకెట్లు వదిలేయండి, మొక్కలకు చల్లారాక పోసుకోవచ్చు.

బకెట్ కనబడితే మంచం కిందికి దూరుతోంది

చాలామంది అనుకున్నట్టు నీళ్ల భయం కాదిది, జారుతుందన్న భయం. టైల్స్ మీద నీళ్లు పడితే దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతాయి. కింద గోనెసంచో రబ్బరు మ్యాటో పరవండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. మిగతా సగం చప్పుడు. ఖాళీ బకెట్‌లో నల్లా ధార పడే మోత చిన్న బాత్రూంలో మనకే చెవులు గింగిర్లెత్తిస్తుంది. పిల్లను తేకముందే నీళ్లు నింపి పెట్టుకోండి. ఒక రెండు మూడు రోజులు నీళ్లు లేకుండానే బాత్రూంలోకి తీసుకుపోయి, గోడకు కాస్త పెరుగు రాసి నాకనివ్వండి. సకినానికి ఈ మంత్రం బాగా పారింది, ఇప్పుడు పిలవకముందే పోయి గోడ నాకుతోంది.

మంచం కింద నుంచి కాలు పట్టి లాగడం మాత్రం చేయకండి. అట్లా ఒక్కసారి లాగినా నెల రోజులు గుర్తు పెట్టుకుంటుంది.

తల విదిలిస్తోంది, చెవి గోక్కుంటోంది

చెవిలో నీళ్లు పోయాయి. కుక్క చెవి గొట్టం లోపల మలుపు తిరిగి ఉంటుంది, పోయిన నీళ్లు అంత సులువుగా బయటికి రావు. ఆ తడిలో చీము పట్టే అవకాశం ఉంది. బయటికి కనబడే భాగం వరకు దూదితో అద్దండి, ఇయర్ బడ్స్ లోపలికి పెట్టకండి. రెండు రోజులకు కూడా గోకుడు తగ్గక, వాసనో గోధుమరంగు జిగురో వస్తే డాక్టర్‌కు చూపించాలి. ఇక నుంచి మెడ దాకే నీళ్లు పోయండి, ముఖం తడిగుడ్డతో తుడవండి. షాంపూ పడి కళ్లు ఎర్రబడే బాధ కూడా దాంతోనే పోతుంది.

ఒంటి మీద పొట్టు లేస్తోంది

ముందు మీ బాత్రూంలోని సబ్బు చూడండి. మన చర్మానికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, కుక్క చర్మం అంతకన్నా తటస్థంగా ఉంటుంది. మన సబ్బు దాని చర్మాన్ని ఎండబెడుతుంది. కుక్కలకని అమ్మే మామూలు షాంపూ చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

రెండోది మన ఆదివారం తానం అలవాటు. వారం వారం తలంటు మనకు ఆచారం, దానికి శిక్ష. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు నెలకోసారి సరిపోతుంది, మధ్యలో కాళ్లు, పొట్ట తుడుచుకుంటే చాలు.

మూడోది నీళ్లు. మా ఇంటి బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్లగా పొర కడుతుంది. ఆ నీళ్లలో సబ్బు సరిగ్గా వదలదు, బొచ్చు మొదట్లోనే ఉండిపోయి దురద పెడుతుంది. ఆఖరి రెండు చెంబులు బోరువి కాకుండా మున్సిపల్ నల్లా నీళ్లు పోసి, వేళ్ల మధ్య బొచ్చు జారుడు పోయేదాకా కడగండి. గుండ్రంగా బొచ్చు ఊడి మచ్చలు కనబడితే అది పొట్టు కాదు, తామర కావచ్చు. మనుషులకూ అంటుతుంది, డాక్టర్ చూడాల్సిందే.

తానం చేయించినా పిడుదులు పోలేదు

పోవు. షాంపూతో పోయేవైతే పిడుదులే కావు. కడుపు నిండిన ఆడ పిడుదు కిందికి దిగి, గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుంది. కుక్కను ఎంత రుద్దినా గోడ నుంచి మళ్లీ ఎక్కుతాయి.

ఇక్కడే మన దగ్గర పెద్ద ప్రమాదం జరుగుతోంది. బర్రెలకు కొట్టే మందో, పత్తి చేనుకు తెచ్చిన మందో, కిరోసినో నీళ్లలో కలిపి పిల్లకు పూసేవాళ్లున్నారు. పిల్ల ఒళ్లు నాకుతుంది, చర్మం నుంచి కూడా మందు లోపలికి పోతుంది. చొంగ కారినా, ఒళ్లు కొట్టుకున్నా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోవద్దు. గ్లౌజులు వేసుకొని, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఒకసారి కడిగి, మందు డబ్బా వెంట పట్టుకొని బయల్దేరండి.

సరైన దారి ఇది: ట్వీజర్‌తో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగాలి, చేత్తో నలపొద్దు, సబ్బు నీళ్లలో వేయాలి. వయసు, బరువు చూసి డాక్టర్ మెడ మీద వేసే చుక్కల మందు ఇస్తారు. ఆ చుక్కలకు రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత తానం చేయిస్తే చాలా మందులు పనిచేయవు. ఇల్లు ఊడ్చి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకండి. పిడుదులు ఉన్న పిల్లకు జ్వరం, నీరసం, ముక్కు నుంచి రక్తం కనబడితే పిడుదు జ్వరం అనుమానించాలి.

మరి చెరువులో ఈత కొట్టిస్తే?

వడ్డేపల్లి చెరువైనా, ఊరి కుంటైనా టీకాలు పూర్తయ్యేదాకా వద్దు. గట్టు మీద తిరిగే కుక్కల నుంచి పార్వో అనే వైరస్ జబ్బు అంటొచ్చు, నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం వల్ల లెప్టో (లెప్టోస్పిరోసిస్) అనే బ్యాక్టీరియా జబ్బు రావచ్చు.

తానం అయిన ఐదు నిమిషాలకు మట్టిలో పొర్లింది

కారణం: దానికి షాంపూ వాసన నచ్చలేదు, ఒళ్లు తడిగా ఉంది. మా పక్కింట్లో ఇల్లు కడుతున్నారు, ఇసుక కుప్ప గేటు ముందే ఉంటుంది. ఇప్పుడు నేను ముందు గేటుకు గొళ్లెం పెట్టి, తర్వాతే నీళ్లు కాస్తాను. చెవుల వెనక, చంకల్లో వేలు పెట్టి చూసి, పొడిగా తగిలాకే గొళ్లెం తీస్తాను.