ఆర్కేడ్ బోర్డులో పాత బ్యాటరీ మార్చడం: కటర్ పట్టుకునే ముందు, పట్టుకున్న తర్వాత

ఆర్కేడ్ మెషిన్ బోర్డు మీద పాత బ్యాటరీ కనబడగానే కటర్ తీయకండి. ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఆ బ్యాటరీ కాపలా కాస్తున్నది స్కోర్లనా, ఆట ప్రాణాన్నా? స్కోర్లనే అయితే బ్యాటరీ పీకేసి బోర్డును వారం రోజులు బల్ల మీద పడేసినా పోయేది హైస్కోర్లు, సెట్టింగులే. రెండో రకమైతే బ్యాటరీ ఊడిన కాసేపటికే బోర్డు చచ్చిపోతుంది, ఆట ఇక నడవదు.

నియో జియో ఎంవీఎస్ బోర్డులు మొదటి రకం. చాలా మోడళ్లలో 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం రీఛార్జబుల్ బ్యాటరీ చిన్న పీపాలా కూర్చుని ఉంటుంది. 1980ల మొదట్లో వచ్చిన విలియమ్స్ మెషిన్లు (డిఫెండర్, రోబోట్రాన్) కూడా ఇదే కోవ. వాటిలో మూడు పెన్సిల్ సెల్స్ ఉంటాయి. క్యాప్‌కామ్ సీపీఎస్-2 రెండో రకం. ఆట కోడ్‌ను విప్పే తాళంచెవి బ్యాటరీ మీద బతికే మెమరీలో ఉంటుంది. సెగా సిస్టమ్ 16, 18 బోర్డుల్లో ఎఫ్‌డీ1094 అనే ప్రాసెసర్ ఉన్నవి, క్యాప్‌కామ్ క్యూసౌండ్ సీపీఎస్-1 ఆటల్లోని కబుకి చిప్ ఉన్నవి కూడా ఇంతే.

మొదటి రకంలో భయపడాల్సింది బ్యాటరీ చావడానికి కాదు, కారడానికి. నికెల్ కాడ్మియంలోనూ, ఆల్కలైన్ పెన్సిల్ సెల్‌లోనూ ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, ఘాటైన క్షారం. అది బయటికొచ్చి రాగి ట్రాకుల వెంట, పైనున్న ఆకుపచ్చ పూత కిందుగా పాకుతుంది. పైన మరక అర అంగుళమే కనబడినా కింద రెండంగుళాలు తినేసి ఉండొచ్చు. విశాఖలో దీనికి సముద్రపు ఉప్పుగాలి, ఉక్కపోత తోడవుతాయి. బీచ్ రోడ్డు చుట్టుపక్కల పెట్టిన మెషిన్లను ఆరు నెలలకోసారి తెరిచి చూడటం మంచిది. ఎక్కువ రోజులు కరెంటు ఇవ్వని మెషిన్‌లో నికెల్ కాడ్మియం పూర్తిగా ఖాళీ అయి ఇంకా త్వరగా పాడవుతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాతలా రోజుల తరబడి కరెంటు లేకపోతే, మెషిన్ ఆన్ చేసే ముందే బ్యాటరీ చూసుకోవాలి.

కావలసినవి: మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేందుకు రాసే పేస్టు), డీసోల్డర్ పంపు (కరిగిన సోల్డర్‌ను పీల్చేది), సన్న కటర్, పాత టూత్‌బ్రష్, ఇయర్ బడ్స్, గ్లవ్స్, కళ్లద్దాలు, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ స్పేర్ల షాపుల్లో అడగండి. వెనిగర్ కిరాణా కొట్లో దొరికే తెల్లదే చాలు. నిమ్మకాయ మాత్రం పిండకండి, చక్కెర, గుజ్జు బోర్డు మీద మిగిలిపోతాయి. కడగడానికి కుళాయి నీళ్లు వద్దు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి.

మెషిన్ ప్లగ్ పీకి, బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీసి పని చేయండి. పాత పిక్చర్ ట్యూబు మానిటర్‌లో ప్లగ్ తీశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది, దాని దగ్గర చేతులు పెట్టొద్దు.

నికెల్ కాడ్మియం పీపాను ఐరన్‌తో వేడిచేసి లాగొద్దు. కాళ్లను కటర్‌తో కత్తిరించి ముందు పీపాను తీసేయండి. తర్వాత మిగిలిన ముక్కల్ని ఒక్కొక్కటిగా డీసోల్డర్ చేయండి. చిలుము పట్టిన చోట సోల్డర్ ఎంతకీ కరగదు. ఐరన్ వేడి పెంచితే రాగి ప్యాడే లేచిపోతుంది. పైపొర గీకి, ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ కొంచెం కలిపితే పాతది దానితోపాటు కరుగుతుంది.

ఆ తర్వాత ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో ముంచి మరక మీద అద్దండి. మిగిలిన క్షారం ఉంటే బుసబుసమని నురగ వస్తుంది. నురగ ఆగేదాకా అద్ది, రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, చివర్లో ఆల్కహాల్‌తో బ్రష్ చేయండి. వెనిగర్‌ను కడగకుండా వదిలేస్తే ఈసారి ఆమ్లం తినడం మొదలుపెడుతుంది. ట్రాక్ నల్లబడినా, పూత ఉబ్బినా అక్కడ గీకి మెరిసే రాగి కనబడేదాకా వెళ్లి, సోల్డర్ పూత వేయండి. తెగిన ట్రాకులకు సన్నటి జంపర్ వైరు. పక్కనున్న మెమరీ చిప్ కాళ్లను ఒక్కొక్కటిగా మీటర్ బీప్ మోడ్‌లో (కనెక్షన్ ఉంటే కూత పెట్టేది) చూసుకోండి. ఎంవీఎస్ ఆన్ చేయగానే బ్యాకప్ ర్యామ్ ఎర్రర్ అని గానీ క్యాలెండర్ ఎర్రర్ అని గానీ వస్తే, తప్పు కొత్త బ్యాటరీది కాకుండా ఈ తినేసిన చోట ఉండే అవకాశమే ఎక్కువ.

ఇప్పుడు కొత్తది ఏది పెట్టాలి? అదే 3.6 వోల్టుల నికెల్ మెటల్ హైడ్రైడ్ పెడితే ఇంకో మార్పు అక్కర్లేదు, కానీ అదీ ఏదో రోజు కారుతుంది. చాలామంది హోల్డర్‌లో సీఆర్2032 అనే నాణెం లాంటి లిథియం సెల్ పెడతారు. ఇక్కడే జాగ్రత్త. ఎంవీఎస్‌లో ఛార్జింగ్ సర్క్యూట్ ఉంది, సీఆర్2032 ఛార్జ్ చేసే రకం కాదు. అలాగే పెట్టేస్తే వేడెక్కి ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. హోల్డర్ ప్లస్ వైరుకు వరుసలో ఒక 1ఎన్4148 డయోడ్ వేయండి, అది కరెంటును ఒకవైపే పోనిస్తుంది. నల్ల గీత ఉన్న కొస బోర్డు వైపు, రెండోది సెల్ వైపు. డయోడ్‌లో కొంత వోల్టేజీ తగ్గినా, ఆ తరం మెమరీ చిప్పులకు డేటా నిలుపుకోవడానికి సాధారణంగా 2 వోల్టులు చాలు.

వేరే బోర్డులో ఛార్జింగ్ ఉందో లేదో తెలియకపోతే బ్యాటరీ తీసేసి, ప్లస్, మైనస్ ప్యాడ్ల మధ్య 10 కిలో ఓమ్స్ రెసిస్టర్ పెట్టి బోర్డు ఆన్ చేయండి. దాని మీద 3, 4 వోల్టులు కనబడితే ఛార్జింగ్ ఉన్నట్టే. రెసిస్టర్ లేకుండా కొలిస్తే లీకేజీ కూడా వోల్టేజీలా కనబడి తప్పుదారి పట్టిస్తుంది.

కొత్త సెల్ ఎంతకాలం వస్తుందో కూడా లెక్కేసుకోవచ్చు. సెల్ వైరుకు వరుసలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, బోర్డు ఆఫ్‌లో ఉండగా దాని మీద మిల్లీవోల్టులు కొలవండి. ఒక మిల్లీవోల్ట్ అంటే ఒక మైక్రోఆంప్. 5 చూపిస్తే, దాదాపు 220 మిల్లీ ఆంప్ అవర్ల సీఆర్2032కు లెక్క ప్రకారం ఐదేళ్లు. 50 చూపిస్తే ఆరు నెలలే, అంటే బోర్డు మీద ఎక్కడో లీకేజీ ఉంది, మళ్లీ కడగాల్సిందే.

ఇక సీపీఎస్-2. దీని బి బోర్డులో (ఆట ఉండే బోర్డు) ఉండేది 3.6 వోల్టుల లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్, పెన్సిల్ సెల్ సైజు. ఈ రకం సెల్ చివరిదాకా 3.6 దగ్గరే నిలిచి, ఆఖర్లో ఒక్కసారిగా పడిపోతుంది. మీటర్ బాగానే చూపించిందని ఊరుకోవద్దు, వయసు చూసి మార్చండి. కొనేటప్పుడు కాళ్లు వెల్డ్ చేసి వచ్చేదే కొనాలి. సెల్ ఒంటికి నేరుగా సోల్డర్ చేస్తే పేలే ప్రమాదం ఉంది.

మార్చే సేపు తాళంచెవి బతకాలి కాబట్టి తాత్కాలికంగా వేరే సప్లై ఇవ్వాలి. మూడు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ వరుసగా కలిపి, ప్లస్ వైరుకు వరుసలో ఒక డయోడ్ (ఇందాకటిలాగే నల్ల గీత బోర్డు వైపు), 1 కిలో ఓమ్ రెసిస్టర్ తగిలించండి. మైక్రోఆంపుల్లో లాగే మెమరీకి ఆ రెసిస్టర్ అడ్డు కాదు, పాత సెల్‌లోకి ఎక్కువ కరెంటు పోకుండా మాత్రం ఆపుతుంది. ఈ వైర్లను బ్యాటరీ కాళ్లకు కాకుండా అదే ట్రాక్ మీద కొంచెం దూరంగా ఉన్న చోట అతికించండి, లేకపోతే కాలు డీసోల్డర్ చేసేటప్పుడు ఇవీ ఊడతాయి. ఆ చోటును కంటితో వెతికి, వోల్టేజీ కొలిచి నిర్ధారించుకోండి. బీప్ మోడ్ వాడొద్దు, అది సర్క్యూట్‌లోకి సొంత కరెంటు పంపుతుంది. మీటర్ ప్రోబ్ ఆంప్స్ సాకెట్‌లో మరిచిపోయి ఉంటే అంతే సంగతులు, బ్యాటరీ షార్ట్ అయినట్టే. కింద ఇనుప బల్ల, అల్యూమినియం ఫాయిల్, నల్ల యాంటీస్టాటిక్ ఫోమ్ ఏవీ ఉండకూడదు. మందపాటి పొడి అట్ట మీద పెట్టండి. ఐరన్ బాగా వేడెక్కాక ప్లగ్ పీకేసి బ్యాటరీ కాలుకు తాకించండి, ఎర్త్ ద్వారా షార్ట్ అయ్యే దారి ఉండదు.

పాత సెల్ ఊడాక ప్యాడ్ల దగ్గర వోల్టేజీ ఉందో చూసి, కొత్తది ప్లస్, మైనస్ సరిచూసి అతికించి, ఆ తర్వాతే తాత్కాలిక వైర్లు తీయండి. ఈ బోర్డుకు హోల్డర్ వద్దు. ఉప్పుగాలికి స్ప్రింగ్ తుప్పు పడితే కాంటాక్ట్ పోతుంది. పైగా ఎవరో ఒకరు మామూలు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ దూర్చేస్తారు.

ఇప్పటికే ఆన్ చేస్తే తెర నిండా ఒకే రంగు కనబడుతోందా? బోర్డును తుక్కులో వేయకండి. సీపీఎస్-2 తాళంచెవులను బోర్డులోకి తిరిగి రాసే గుట్టు 2016లో బయటపడింది. చిన్న మైక్రోకంట్రోలర్‌తో ఆ ఆట తాళంచెవిని తిరిగి రాయొచ్చు. అందుకు కూడా ముందు కొత్త సెల్ పెట్టాలి.

తీసిన నికెల్ కాడ్మియం బ్యాటరీల్లోని కాడ్మియం విషం. లిథియం సెల్ కొసలకు టేపు చుట్టి, రెండింటినీ ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వండి. కొత్త సెల్ పక్కన మార్చిన నెల, సంవత్సరం చిన్న స్టిక్కర్ మీద రాసి అతికించండి.