సూపర్ కప్ గ్రూపులో పాయింట్లు సమమైతే ఎవరు సెమీస్‌కు? లెక్క కట్టడం ఎలా?

మన దేశ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ సూపర్ కప్ వచ్చిందంటే వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. ‘మనకు డ్రా చాలు’ అని ఒకరు, ‘కాదు, గెలవాల్సిందే’ అని ఇంకొకరు. ఇద్దరూ లెక్క వేసి ఉండరు. ఈ పద్ధతి ఒక్కసారి నేర్చుకుంటే ఏ కప్పుకైనా పనికొస్తుంది.

కావలసినవి: తెల్ల కాగితం, పెన్సిల్, రబ్బరు. పెన్ను వద్దు, చివరి నిమిషం గోల్‌కు కాగితమంతా కొట్టివేతలే మిగులుతాయి. ఫోన్‌లో వచ్చే రెడీమేడ్ పట్టిక అసలే వద్దు. ఎందుకో చెబుతాను.

1. ముందు పోటీ నియమం చూడండి. 2025 అక్టోబరు–డిసెంబరులో గోవాలో జరిగిన సూపర్ కప్‌లో 16 జట్లు, నాలుగేసి చొప్పున నాలుగు గ్రూపులు. ఒక్కో గ్రూపు నుంచి మొదటి జట్టు మాత్రమే సెమీస్‌కు. అదే ఏడాది ఏప్రిల్‌లో భువనేశ్వర్‌లో మొదలైన సూపర్ కప్‌లో గ్రూపులే లేవు, మొదటి మ్యాచ్ నుంచే నాకౌట్. పేరు ఒకటే అయినా పద్ధతి మారుతుంటుంది.

2. నాలుగు జట్లకు నాలుగు అడ్డ వరుసలు, నాలుగు నిలువు వరుసలు గీసి ప్రతి గడిలో స్కోరు రాయండి. పాయింట్లు కాదు, స్కోరు. గెలుపుకు 3, డ్రాకు 1 తర్వాత కూడుకోవచ్చు.

3. ఇక అసలు చిక్కు. ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు.

మనది క్రికెట్ బుర్ర. పాయింట్లు సమం కాగానే చెయ్యి నెట్ రన్‌రేట్ వైపు పోతుంది. ఆ అలవాటుతోనే ఫుట్‌బాల్‌లో నేరుగా గోల్స్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేది) చూసేస్తారు. సూపర్ కప్‌లో ముందు చూడాల్సింది ముఖాముఖి ఫలితం, అంటే సమమైన జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లో ఎవరు గెలిచారన్నది. గోల్స్ తేడా ఆ తర్వాతే. ఫోన్ పట్టికల్లో కొన్ని గోల్స్ తేడాతోనే జట్లను పైకీ కిందికీ పేరుస్తాయి. వాటిని వద్దన్నది అందుకే.

2025 గ్రూపు డి చూడండి. మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని కొత్త పేరు పెట్టుకుని ఆడింది ఈ గ్రూపులోనే. (ఆ బాధ వేరే. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచిన జట్టు!) చివరి మ్యాచ్‌కు ముందు కేరళ బ్లాస్టర్స్‌కు డ్రా చాలు. ఆట ముగియబోతుండగా సెల్ఫ్ గోల్ పడి ముంబై సిటీ 1–0తో గెలిచింది. ఇద్దరికీ ఆరేసి పాయింట్లు. ముఖాముఖిలో నెగ్గింది కాబట్టి ముంబై సెమీస్‌కు వెళ్ళింది. గోల్స్ తేడా దాకా పోనక్కర్లేదు.

గ్రూపు ఎ కథ వేరు. కోల్‌కతా జట్లు ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మధ్య డెర్బీ (ఒకే ఊరి జట్ల పోరు) 0–0. ఇద్దరికీ ఐదేసి పాయింట్లు, ముఖాముఖి కూడా సమమే. ఇప్పుడు గోల్స్ తేడా తియ్యాలి. చెన్నైయిన్‌పై ఈస్ట్ బెంగాల్ 4–0తో, బగాన్ 2–0తో గెలిచాయి. డెంపోతో ఇద్దరివీ డ్రాలే. ప్లస్ నాలుగు, ప్లస్ రెండు. ఈస్ట్ బెంగాల్ ముందుకు వెళ్ళింది.

మూడు జట్లు సమమైతేనే టెన్షన్. అప్పుడు ఆ మూడు జట్లు తమలో తాము ఆడిన మ్యాచ్‌లతో ఒక చిన్న పట్టిక వెయ్యాలి. నాలుగో జట్టుతో ఆడినవన్నీ చేత్తో మూసేయండి. ఉదాహరణకు ఎర్ర జట్టు నీలంపై 2–0, నీలం పచ్చపై 1–0, పచ్చ ఎర్రపై 3–2. ముగ్గురూ తెల్ల జట్టును ఓడించారు: ఎర్ర 1–0తో, పచ్చ 2–0తో, నీలం ఏకంగా 6–0తో. మొత్తం తేడా చూస్తే నీలం ప్లస్ ఐదుతో పైన కూర్చుంటుంది. చిన్న పట్టిక వేస్తే తలా ఒక గెలుపు, పాయింట్లు సమమే; అందులోని గోల్స్ తేడా మాత్రం ఎర్ర ప్లస్ ఒకటి, పచ్చ సున్నా, నీలం మైనస్ ఒకటి. పైకి పోయేది ఎర్ర! బలహీన జట్టుపై కొట్టిన ఆరు గోల్స్ ఇక్కడ ఎందుకూ పనికిరావు.

చిన్న పట్టికలో ఒక జట్టు విడిపోయి రెండు ఇంకా సమంగా మిగిలితే? ఆ రెండింటి మధ్య ముఖాముఖిని మళ్ళీ మొదటి నుంచి చూడాలనేది ఆసియా పోటీల నియమం. ఈ మెట్టు దాటేసి నేరుగా మొత్తం గోల్స్ తేడాకు దూకేవాళ్ళను చూసీ చూసీ విసుగొచ్చింది. దూకకండి.

గోల్స్ తేడాయే న్యాయమని వాదించేవాళ్ళు ఉంటారు. 2022 ప్రపంచ కప్‌లో దానికే ముందు పీట వేశారు, నిజమే. యూరప్ దేశాల యూరో పోటీల్లో మాత్రం ముఖాముఖిదే మొదటి మాట. నా ఓటు యూరోకే. ఎదురెదురుగా ఆడి గెలిచినవాడిని, ఎక్కడో వేరే మ్యాచ్‌లో ఎవరో తిన్న గోల్స్ చూపించి ఇంటికి పంపడమేమిటి?

4. చివరి మ్యాచ్‌కు ముందే గెలిస్తే, డ్రా అయితే, ఓడితే అని మూడు వరుసలు రాసి పెట్టుకోండి. ఆట మధ్యలో లెక్కలు వద్దు.

5. సెమీస్ నుంచి ఈ కాగితంతో పని లేదు. 2025 డిసెంబరు ఫైనల్లో గోవా, ఈస్ట్ బెంగాల్ అదనపు సమయం అయ్యాక కూడా 0–0 దగ్గరే ఉంటే, పెనాల్టీల్లో 6–5తో గోవా కప్పు ఎత్తుకుపోయింది.