మొగిలి ఘాట్ దిగే ముందు: పికప్‌కు ట్రైలర్ తగిలించేవారికి జాగ్రత్తలు

పలమనేరు నుంచి చిత్తూరుకు మామిడి లోడు తీసుకెళ్తున్నారా? ముందు ఆర్సీ తీయండి. లోడుతో కలిపి మొత్తం బరువు 2,900 కిలోలు, ఖాళీ బండి 1,700 అని ఉంటే లోడుకు మిగిలేది 1,200. డ్రైవరు, క్లీనరు కూడా అందులోకే వస్తారు.

లాగే బరువు వేరే లెక్క. అది బండి మాన్యువల్‌లో చూడాలి, ట్రైలర్ సొంత బరువూ కలపాలి. అక్కడ అంకె లేకపోతే ట్రైలర్ వద్దు, రెండు ట్రిప్పులు వేయండి. ఇంజన్ లాగేస్తుంది, నిజమే. ఆపాల్సింది బ్రేకులు కదా!

1,000 కిలోల ట్రైలర్ అయితే హుక్ మీద 100 నుంచి 150 కిలోలు పడాలి. అదీ ఆ 1,200లోదే. క్రేట్లు వెనక్కి పేరిస్తే ట్రైలర్ పాములా ఊగుతుంది. ఇరుసుకు కాస్త ముందుకు సర్దండి.

హుక్ బాల్, కప్లర్ (ట్రైలర్ ముక్కున బాల్ మీద కూర్చునే గిన్నె) సైజు ఒకటే ఉండాలి. గొలుసులు రెండూ కింద కత్తెరలా వేయండి. హుక్ ఊడినా ట్రైలర్ ముక్కు వాటి మీదే ఆగుతుంది.

టైర్లలో గాలి, వెనక లైట్లు చూసుకోండి.

ఘాట్ మొదట్లోనే గేరు తగ్గించండి. న్యూట్రల్ అసలే వద్దు. బ్రేకు కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వండి, వేడి డ్రమ్ముపై నీళ్లు పోయకండి.