టగ్ పడవ నమూనా: షాఫ్టు, బరువు సరిగా అమర్చుకోవడం

మొదటిసారి రిమోట్ పడవ కట్టేవారికి స్పీడ్ బోటు కన్నా, రేవుల్లో పెద్ద ఓడలను నెట్టే టగ్ పడవ నయం. దాని పొట్ట వెడల్పుగా, లోతుగా ఉంటుంది కనుక చేయి పెట్టి పని చేసుకోవడానికి చోటు దొరుకుతుంది. చిన్నపాటి తప్పులను ఓర్చుకుంటుంది కూడా.

డెక్కు మూయకముందే షాఫ్టు గొట్టం, అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్‌కు వెళ్లే కడ్డీ (షాఫ్టు) తిరిగే గొట్టం, అమర్చాలి. నీరు లోపలికి చేరేది ఎక్కువగా ఈ దారినే కాబట్టి, గొట్టం లోపలి కొస నీటిమట్టానికి పైన ఉండేలా చూసుకోవడం మంచిది. మోటారు, షాఫ్టు ఒకే వరుసలో ఉన్నాయో లేదో కంటిచూపుతో తేల్చుకోకూడదు. కప్లింగ్ (మోటారును షాఫ్టుకు కలిపే ముక్క) స్థానంలో రెండింటికీ బిగువుగా సరిపోయే ఇత్తడి గొట్టం ముక్క తొడిగి, వాటిని అంటించిన ఎపాక్సీ జిగురు గట్టిపడేదాకా కదపకుండా ఉంచి, తరువాత దాన్ని తీసి అసలు కప్లింగ్ బిగించాలి. ప్రొపెల్లర్‌ను వేలితో తిప్పితే ఎక్కడా పట్టేయకూడదు. నా మొదటి పడవలో ఈ పని తొందరగా ముగించాను; చెరువులో పావుగంట తిరిగేసరికి మోటారు ముట్టుకోలేనంత వేడెక్కింది. చివరగా గొట్టం నిండా గ్రీజు కూరాలి.

రిమోటు పంపే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాన్ని నీరు బాగా పీల్చేస్తుంది కనుక రిసీవరు యాంటెన్నా నీటిమట్టానికి పైనే ఉండాలి. సంకేతం తెగిపోతే మోటారు దానంతటదే ఆగేలా ఫెయిల్‌సేఫ్ అమర్చుకుని, ప్రొపెల్లర్ గాలిలో ఉండగానే పరీక్షించాలి.

ఇక బరువు. నమూనా 20వ వంతు కొలతలో ఉంటే బరువు 8,000వ వంతుకు (20×20×20) తగ్గుతుంది. అంటే 20 టన్నుల టగ్‌కు నమూనా రెండున్నర కిలోలు తూగాలి. ఖాళీ పడవ అంత తూగదు. నీళ్ల తొట్టిలో తేల్చి, ముందు బ్యాటరీని అడుగున వీలైనంత కిందికి పెట్టి, తక్కువైన బరువుకు సీసం ముక్కలు చేర్చాలి. పక్కకు నొక్కి వదిలితే పడవ వెంటనే నిటారుగా లేవాలి. మెల్లగా, బద్ధకంగా లేస్తే బరువు ఇంకా కిందికి దిగాలి. తృప్తి కలిగేదాకా సీసాన్ని అంటించవద్దు.

తొలి ప్రయాణానికి నాచు, గుర్రపుడెక్క లేని చెరువును ఎంచుకోండి. ముందుగా రిమోటు, తరువాత పడవ స్విచ్ వేయాలి. ఆపేటప్పుడు పడవే ముందు. ఇంటికి తెచ్చాక మూత తీసి, లోపల తడి పూర్తిగా ఆరనివ్వండి.