వరంగల్‌లో చిన్న కంప్యూటర్ షాపుకు సరుకు మంచి రేటుకు తెచ్చుకోవడం ఎలా?

హన్మకొండలో ఓ డిగ్రీ కాలేజీ పది సిస్టమ్‌లకు కొటేషన్ అడిగిందంటే ఇంకో మూడు షాపులను కూడా అడిగినట్టే. ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్‌లో ఆన్‌లైన్ రేటు తీసి ముందు పెడతారు కూడా. కాబట్టి మార్జిన్ ఏదైనా ఉంటే కొనేచోటే మిగుల్చుకోవాలి.

1. జీఎస్టీ నంబరు తీసుకోండి

తెలంగాణలో టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాటకపోయినా కాలేజీలకు, ఆఫీసులకు అమ్మాలనుకుంటే ముందే తీసుకోవడం మేలు. కాంపోజిషన్‌లో (టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) చేరితే ఇన్‌పుట్ క్రెడిట్ రాదు, అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోలేరు. అందుకే రెగ్యులర్ పద్ధతిలోనే ఉండండి.

2. కనీసం మూడు చోట్ల ఖాతా తెరవండి

మనకు దగ్గరి హోల్‌సేల్ మార్కెట్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అందరూ సీటీసీ అంటారు. కాజీపేటలో పొద్దున రైలెక్కితే పని చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చు. మొదటిసారి మాత్రం స్వయంగా వెళ్లండి. ముఖం తెలిసిన డీలర్‌కు ఇచ్చే రేటు, వాట్సాప్‌లో అడిగిన కొత్త నంబరుకు ఇవ్వరు. రెడింగ్టన్, ఇంగ్రామ్ మైక్రో, రాశీ పెరిఫెరల్స్ లాంటి డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కూడా డీలర్‌గా నమోదుకు ప్రయత్నించండి. ఒకటీ రెండూ కావాలంటే సీటీసీ, ఒకేసారి ఎక్కువ కావాలంటే డిస్ట్రిబ్యూటర్ లాభం.

3. అడగడంలోనే స్పష్టత ఉండాలి

"512 ఎస్‌ఎస్‌డీ ఎంత?" అని అడిగితే చేతిలో ఉన్నదేదో అంటగడతారు. సాటా (పాత, నెమ్మది రకం) కావాలా, ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) కావాలా, కంపెనీ, మోడల్ నంబరు, వారంటీ ఎన్నేళ్లు, స్టాక్ చేతిలో ఉందా, రేటు ఎప్పటివరకు నిలుస్తుంది... ఇవన్నీ ఒకే మెసేజ్‌లో రాసి ముగ్గురికీ పంపండి. ప్రాసెసర్ అయితే బాక్స్ పీసా (కంపెనీ డబ్బాలో వచ్చేది), ట్రే పీసా (డబ్బా లేకుండా విడిగా వచ్చేది) అని కూడా అడగండి. ట్రే చవకే, కానీ దానికి సాధారణంగా కంపెనీ వారంటీ నేరుగా రాదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రేట్లు ఎప్పుడు మారతాయో చెప్పలేం కాబట్టి, మీరిచ్చే కొటేషన్ మీద కూడా గడువు రాయండి.

4. అసలు ధర లెక్క కట్టండి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఉదాహరణకు ఒక డీలర్ ఎస్‌ఎస్‌డీని బిల్లు లేకుండా 3,200కు ఇస్తానన్నాడు. ఇంకో డీలర్ 2,900 ప్లస్ 18 శాతం జీఎస్టీ, మొత్తం 3,422 అన్నాడు. చూడ్డానికి మొదటిదే చవక. దాన్ని మీరు కాలేజీకి బిల్లుతో 3,540కి అమ్మారనుకుందాం. అందులో 540 పన్ను. మిగిలింది 3,000. అంటే 200 చేతి నుంచి పోయింది. రెండో డీలర్ దగ్గర కట్టిన 522 క్రెడిట్‌గా వస్తుంది, ఖర్చు 2,900 కిందే లెక్క, 100 మిగిలింది. కార్గో చార్జీలు, వారంటీకి పంపే కొరియర్ ఖర్చు కూడా ఇందులోంచే తీసేయాలి. పెద్ద మానిటర్లు అమ్మేవాళ్లు పాత ఎక్సెల్ షీటు ఓసారి సరిచూసుకోండి: 32 అంగుళాలు దాటిన వాటి మీద పన్ను 2025 సెప్టెంబర్ 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది.

క్రెడిట్ ఊరికే రాదు. సరఫరాదారు రిటర్న్ వేస్తేనే మీ జీఎస్టీఆర్-2బీలో (మీకు వచ్చే క్రెడిట్లు చూపే, జీఎస్టీ పోర్టల్‌లోని నెలవారీ పట్టిక) కనిపిస్తుంది. ప్రతి నెలా 14 తర్వాత తెరిచి బిల్లులతో సరిపోల్చండి. రెండు నెలలు వరుసగా కనబడకపోతే ఆ డీలర్‌ను వదిలేయండి, రేటు ఎంత తక్కువైనా సరే.

5. పార్సిల్ విప్పగానే చూడాల్సినవి

బిల్లు మీద ప్రతి పీసు సీరియల్ నంబరు ఉండాలి. కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడండి. హార్డ్ డిస్క్ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో "పవర్ ఆన్ అవర్స్" (డిస్కు నడిచిన గంటలు) చూడండి. కొత్త డిస్కుకు అది సున్నాకు దగ్గర్లో ఉండాలి, వేలల్లో ఉంటే ఎక్కడో వాడి తెచ్చిందే. అడాప్టర్ల మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు ఉందో లేదో చూడండి. సరుకు విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) కూడా అడిగి తీసుకోండి.

6. ఉద్దెర రేటు, నగదు రేటు విడివిడిగా అడగండి

చాలామంది డీలర్లు ఉద్దెరకు కొంత కలిపే చెబుతారు. ఉద్దెర తీసుకున్నా 180 రోజుల్లోపు చెల్లించకపోతే తీసుకున్న క్రెడిట్ వెనక్కి కట్టాలి. కాలేజీ బిల్లు ఎన్నాళ్లకు పాసవుతుందో ముందే కనుక్కుని, దాన్ని బట్టి ఏది కావాలో తేల్చుకోండి. వారంటీ పీసు మీరే సీటీసీకి మోసుకెళ్లాలా, వాళ్లే తెప్పించుకుంటారా అన్నది కూడా డబ్బు కట్టకముందే మాట్లాడుకోండి.